పరీక్షలో నెగ్గిన ఊపిరి

మా బావ మొండితనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

బావ అంటే మా అక్క మొగుడు. పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఒక్క ఊపిరితో ఎంత పొడుగు స్వరమైనా లాగేసి, "ఏరా, బతికే ఉన్నానా?" అంటూ కన్ను గీటేవాడు. సిగరెట్లు ఊదడంలోనూ అంతే ఘనుడు. వాటిని మానేసే సరికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. స్నానాల గది దాకా వెళ్లొస్తే చాలు, మంచం అంచున కూలబడి రొప్పేవాడు.

ఛాతీ డాక్టరమ్మ ముందే చెప్పింది: "మందులతో కాస్త కుదుటపడ్డాక రండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటే, ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ రాస్తాను. రోజులో ఎక్కువసేపు ముక్కుకి గొట్టం ఉండాలి. గుండె మీద భారం తగ్గుతుంది."

ఆ పరీక్షకి నేనే తీసుకెళ్లాను. నర్సు బావ వేలికి క్లిప్పు తగిలించి, "మామూలుగా పీల్చండి పెద్దాయనా" అంది. మామూలుగానా! ఆయనకి అక్కడ కచేరీ కనబడింది కాబోలు. వెన్ను నిటారుగా నిలిపాడు. కడుపు నిండా గాలి తీసుకుని, పెదాలు బిగించి, సన్నగా వదిలాడు. మళ్లీ తీసుకున్నాడు. తెర మీద ఆక్సిజన్ అంకె మెల్లగా పైకెక్కింది. మణికట్టు దగ్గర రక్తం తీసినప్పుడూ అదే వరస.

"భలే ఉందే మీ ఊపిరి!" అంది నర్సు. ఇక చూస్కోండి, బావ మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ కాగితాలు చూసి, ఇప్పటికి మిషన్ అక్కర్లేదని చెప్పింది.

వరండాలోకి రాగానే బెంచీ మీద చతికిలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి.

"నీ దుంప తెగ! ఇదేమన్నా పోటీ అనుకున్నావా బావా? పద, లోపలికెళ్లి ఉన్నమాట చెబుదాం."

"నోర్ముయ్... నెగ్గాను కదా... నా పరువు తీయకు."

గోడ పట్టుకుని గేటు దాకా నడిచి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక అక్క కాళ్లావేళ్లా పడింది. ఉహూఁ, వింటేగా! మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కనన్నాడు.

చలికాలానికి కాళ్లు వాచాయి. ఎత్తుకెళ్లినట్టే తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం. నిద్రపోయే మనిషి ఏ విద్యలూ చూపించలేడు కదా, క్లిప్పు పెట్టగానే అసలు సంగతి బయటపడింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మిషన్ రాస్తున్నాను. కానీ గుండె బాగా అలిసిపోయింది. ఇది ఎప్పుడో మొదలుపెట్టాల్సింది" అంది.

బావ ఇంటికొచ్చాక మిషన్ కూడా వచ్చి గది మూలన గుర్రుమనడం మొదలుపెట్టింది. ఓ పొద్దున అక్క టీ తెచ్చేసరికి బావ నాతో కబుర్లలో పడ్డాడు. పాత పెళ్లిళ్లు, డ్రమ్ములవాడి వేషాలు, వానలో తడిసిన బాజాలు... ఆగితే ఒట్టు. అక్క గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇన్ని మాటలున్నాయా మీ దగ్గర? నా మీద కోపంతో మాట్లాడటం మానేశారనుకున్నాను. నేనేం తప్పు చేశానా అని ఇన్నాళ్లూ కుమిలిపోయాను."

"కోపమేంటే పిచ్చిదానా! నోరు తెరిస్తే ఆయాసం వస్తోందని ఊరుకున్నాను."

అక్క అరచేత్తో కళ్లు తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది. "చెప్పండి, తరవాత ఏమైంది?" అంది.

ఆ కబుర్లు పట్టుమని నెల కూడా సాగలేదు.