మానేసిన మూడో విడత

సహోదరులారా, హైదరాబాదులో పెద్ద డాక్టరు మూడు విడతలని చెప్పిన వైద్యాన్ని రెండు విడతలకే తెంపుకుని వచ్చిన మొనగాడు మన వనపర్తి సంఘంలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే! అయిజలో మా నాయన మిరపకాయల దుకాణంలో పెరిగినవాణ్ని, చెప్పిన ధరకు అగ్గిపెట్టె కూడా కొననివాణ్ని, ఊపిరి మాత్రం చెప్పిన ధరకు కొంటానా?

పన్నెండేళ్లు ఉబ్బసంతో బస్తాకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపాను, మాత్రలకు ముఖం ఉబ్బింది, నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరిగేవి, అయినా మిరప ఘాటులోనే కూర్చుని ఒక చేత్తో పీల్చే మందు, ఒక చేత్తో తక్కెడ! దుకాణం మానెయ్యమన్న డాక్టర్లను మార్చాను గాని దుకాణం మార్చలేదు.

చివరికి హైదరాబాదు డాక్టర్లు ఇది మందులకు లొంగే ఉబ్బసం కాదని, కొత్త పరికరం ఒకటి ఉందని చెప్పారు. నోటిగుండా సన్నని గొట్టం దించి, దాని కొసన విచ్చుకునే తీగలతో శ్వాసనాళాల గోడలకు వేడి తగిలిస్తే, అక్కడ మందమెక్కి బిగుసుకునే కండరం పలచబడుతుందట. ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో ఒక్క భాగమే, మూడేసి వారాల ఎడంతో మూడుసార్లు. పూర్తిగా నయమవుతుందని వాళ్లు మాట ఇవ్వలేదు.

రెండోది అయిన కొన్నాళ్లకు వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ఇంకేం, లోపలి వ్యాపారి లేచాడు! "ప్రభువా, మూడోది లేకుండానే నన్ను నిలబెట్టు, మిగిలిన పైసల్లో సగం నీ మందిరానికి, సగం నాకు" అని ప్రార్థన చేశాను.

నా భార్య రత్నమ్మ విన్నది. "దేవునికి లంచమిస్తున్నవా ఏంది? గాయనకు నీ పైసలెందుకయ్యా? పొయ్యి మూడోది చేయించుకో."

"నీకు తెల్వదు, జర ఊకో" అన్నాను.

మిరప పంట దిగే రోజుల్లో బస్తాలు దించుతుంటే దుకాణంలోనే కూలిపోయాను. దవాఖానలో గొంతులో గొట్టం వేసి ఇరవై రోజులు యంత్రంతో ఊపిరి ఆడించారు. ఆ రోజుల్లోనే రత్నమ్మకు చక్కెర జబ్బుతో పాడవుతున్న కంటికి లేజర్ చేయాల్సిన తేదీ. ఆమె ఆ చీటీ సంచిలో కుక్కేసి నా గది బయట నేల మీద కూర్చుంది. అక్కడ ఆమె చేసిన ప్రార్థనను దవాఖాన నర్సు తరువాత నాకు చెప్పింది: "అయ్యా, గీన మూర్ఖుడే, నాకు తెల్సు. అయినా గీన్ని నాకియ్యి. బేరం లేదు, బతిమిలాడుతున్న."

ఆ ప్రార్థన దేవుడు విన్నాడు! లేచాను, నెలల తరువాత తలవంచుకుని వెళ్లి మూడో విడత చేయించుకున్నాను, దేవునికే మహిమ! ఇది చదువుతున్న మీలో ఊపిరి అందక అల్లాడేవాళ్లుంటే ఆయనను నమ్మండి, వైద్యుని చేతుల్లోనూ పనిచేసేది ఆయనే, సగం సగం కాకుండా పూర్తిగా అప్పగించుకోండి.

లెక్క మాత్రం దాచను. పీల్చే మందు ఇప్పటికీ రెండు పూటలా ఉంది. ముసురు పడితే ఛాతీలో ఈల వస్తుంది. దుకాణం మూసేశాను. నేను తేరుకున్నాక రత్నమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి కుడికంటి లోపలి పొర ఊడిపోయింది, చూపు ఇక రాదన్నారు. నా ఊపిరి దేవుడు ఊరికే ఇచ్చాడు. ఆ కన్ను నా బేరానికైన ఖర్చు, కట్టింది ఆమె.