గడియ పడేదాకా పాట

తడిస్తే పొంగి, ఎండితే ముడుచుకునే నల్లరేగడి మీద కట్టిన ఇల్లది. ఓ మూల కుంగిపోయింది. ఇంజనీరు వచ్చి చూసి పడగొట్టమన్నాడు.

"పడగొట్టడానికి అంత చదువెందుకు?" అంది జాకీలక్క. కుంగిన ఇళ్లను ఎత్తడమే ఆవిడ పని. పునాది కింద గట్టినేల దాకా తవ్వించి జాకీలు పెట్టింది.

ఆ కుంగుడుకి ద్వారబంధం వంకరపోయి, ఆ ఇంట్లో మూడేళ్లుగా స్నానాలగది గడియ పడదు. లోపల మనిషున్నట్టు తెలియాలని బామ్మ పాడుతూ స్నానం చేసేది.

"బామ్మగారూ, లోపలికెళ్లి గడియ తోస్తూ పాడుతుండండి. పడగానే ఆపేయండి," అని అక్క గుంటలోకి దిగింది. జాకీలను వెంట్రుకవాసి చొప్పున తిప్పింది. గోడలు కిర్రుమన్నాయి గానీ పెచ్చు రాలలేదు.

చరణం మధ్యలో పాట ఠక్కున ఆగింది.

మిగతా చరణం జాకీలక్క గుంటలోంచే అందుకుంది, వీధంతా వినబడేలా.