నల్లదానికి పాత వార్తలు

విరాళం అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది పాత పేపర్లే. ఇల్లూ ఖాళీ అవుతుంది, పుణ్యమూ వస్తుంది. కుక్కల షెల్టర్‌లో వాటిని బోనుల్లో పరుస్తారు. పరిచే ముందు రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన వాటిని పైకి చదువుతాడు. మనిషిని చూస్తే వణికే కుక్కలకు మనిషి గొంతు అలవాటు చేయడం ఆయన పని. జీతం లేదు, ఆదివారాలు మాత్రమే. ముప్పై ఏళ్లు బస్సు నిండా వినిపించిన ఆ గొంతు ఇంట్లో వినేవాళ్లెవరూ లేరు.

"మూడు నెలల నాటి వార్తలేంటి బాబాయ్?" అంటుంది షెల్టర్ చూసుకునే అమ్మాయి.

"వీటికన్నీ కొత్తే. నీ పని నువ్వు చూసుకో."

మూలన నక్కే నల్లకుక్క ఐదు నెలలకు గానీ ఆయన మోకాలి మీద తల పెట్టలేదు. ఆ రోజు ఒకే వార్తను రెండుసార్లు చదివాడు. మరుసటి వారమే ఒక కుటుంబం దాన్ని పెంచుకోవడానికి తీసుకుపోయింది. భయం పోయిన కుక్కనే కదా ఎవరైనా తీసుకెళ్లేది.

బుధవారం సాయంత్రం ఆ ఇంటావిడ షెల్టర్‌లో ఆయన నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "మంచం కింద నుంచి రావట్లేదండీ. ఏమీ ముట్టట్లేదు."

"ఫోన్ దాని దగ్గర పెట్టమ్మా," అని పేపరు తీసి మొదలుపెట్టాడు. సగం పేజీ అయ్యేసరికి ఆవిడ, "వచ్చింది, తింటోందండీ. చాలా థాంక్స్," అని పెట్టేసింది.

ఆయన కాసేపు ఫోన్ వంక చూశాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, మిగతా సగం పేజీ కూడా పైకే చదివాడు.