వదిలొచ్చిన ఊరి గొప్పలు

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళు తిరిగేసరికి ఊరు మారాలి. సామాను కట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు గానీ, వదిలొచ్చిన ఊరిని మరిచిపోవడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

మిర్యాలగూడలో మేమున్న మేడ వెనకే సాగర్ కాలువ, దాని అవతల కనుచూపు మేర వరిపొలాలు. నాట్ల ముందు పొలం దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాలే తెల్లటి కొంగలు బారులు తీరేవి. వంటింటి కిటికీలోంచి చూస్తూ అలాగే నిలబడిపోయేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగి పోయిన రోజులెన్నో. రైసుమిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది, ఆరేసిన బట్టల మీద బూడిద రాలేది. అక్కడున్నన్నాళ్ళు ఆ బూడిదను తిట్టని రోజు లేదు. కోదాడ వెళ్ళాక మాత్రం, ఆ వాసన లేకుంటే పొద్దు పొడిచినట్టే లేదని మా ఆయనతో అన్నాను.

కోదాడ తక్కువదేమీ కాదు. చిలుకూరు రోడ్డు మీద సాయంత్రం నడకకు వెళితే రెండు వైపులా పచ్చటి పొలాలు, తడి మట్టి వాసన, మోకాళ్ళ దాకా బురదతో ఆటోల్లో కిక్కిరిసి నవ్వుకుంటూ ఇళ్ళకు పోయే నాట్ల కూలీలు. ఎంత అందమైన ఊరు! ఆ సంగతి నాకు సూర్యాపేట వచ్చాక గానీ తెలియలేదు. వచ్చింది మొదలు ఇక్కడి దుమ్మును, లారీల హారన్లను ఆడిపోసుకుంటూ కోదాడ జపం చేశాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

మా పాప నాలుగో తరగతి. ఇక్కడికి వచ్చి ఆరు నెలలైనా ఒక్క స్నేహితురాలినీ చేసుకోలేదు. పక్కింటి పిల్ల రోజూ ఆటకు పిలిచేది, ఇది హోంవర్క్ ఉందని తలుపేసుకునేది. ఎందుకలా అని ఒకరోజు గట్టిగా అడిగాను.

"మళ్ల పోయేదే కదా మమ్మీ. పోయినంక నీ లెక్క ఊకె యాదికొస్తది."

పాత చోటు చూస్తే దాని దిగులు తీరుతుందేమోనని ఆ ఆదివారం బస్సెక్కించి కోదాడ తీసుకెళ్ళాను. మా పాత ఇంటి ఓనరమ్మ సరిహద్దు అవతలి జిల్లా నుంచి కోడలిగా వచ్చిన మనిషి. మమ్మల్ని చూసి పొంగిపోయింది, ఇద్దరికీ ఆవకాయ కలిపి పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఆ గాలిని, ఆ పొలాలను పొగుడుతూనే ఉన్నాను. ఆమె అంతా విని నెమ్మదిగా అంది.

"అమ్మాయ్, ఇక్కడున్న మూడేళ్ళూ నీ నోట మిర్యాలగూడ తప్ప ఇంకో మాట రాలేదు. ఈ పొలాలు అప్పుడూ ఉన్నాయి గదా. ఒక్కనాడన్నా బాగున్నాయన్నావా?"

పాప నా మొహం వైపే చూస్తోంది. నాకు సిగ్గేసింది. బిడ్డకు ఊళ్ళను ప్రేమించడం నేర్పుతున్నాననుకున్నాను. నేను నేర్పింది వాటి కోసం బెంగపడడం ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే సూర్యాపేటలో మా ఇంటి డాబా ఎక్కాను. బట్టలు ఆరేయడానికి తప్ప ఎప్పుడూ ఎక్కింది లేదు. ఎదురుగా మార్కెట్ యార్డు నిండా వడ్ల రాశులు. హమాలీలు పైన కప్పిన పట్టాలు తీస్తుంటే ఒక్కో రాశీ లేత ఎండకు పసుపుగా బయటపడుతోంది. ఆడవాళ్ళు చేటలతో తూర్పార పడుతుంటే గాల్లోకి లేచిన పొట్టు కూడా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ నేను తిట్టింది ఈ దుమ్మునా అనిపించింది. పరుగున కిందికి దిగి పాపను తీసుకొచ్చాను. సూర్యాపేట ఎంత బాగుందో చూడమని, ఇలాంటి ఊరు ఎక్కడా లేదని మనసారా చెప్పాను.

పాప కాసేపు అటే చూసింది. తర్వాత దాని మొహం చిన్నబోయింది.

"మనకు మళ్ల ట్రాన్స్‌ఫర్ అయిందా మమ్మీ?"