ముందు మీటరు బతికుందా చూడు

"మీ సార్ పోయిండు బిడ్డా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నారాయణగూడ చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. అమ్మ అంటే మా సార్ భార్య. నిద్రలోనే పోయారట. ముందు రోజు ఎప్పటిలాగే రెండు జొన్న రొట్టెలు తిని, వంటింట్లో గ్యాస్ నాబ్ రెండుసార్లు తిప్పి చూసి పడుకున్నారట. ఆ నాబ్ సంగతి వినగానే నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ మనిషి పోయేటప్పుడు కూడా అన్నీ బంద్ చేసుకునే పోయారు.

ఎవరీ సార్ అని మీరు అడగవచ్చు. పేపర్లో ఫోటో పడ్డ మనిషి కాదు. మా ఫ్యాక్టరీలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఆయన ఇల్లు. ఆ సందులో అందరూ ఆయన్ను చెకింగ్ సార్ అనేవారు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగక ముందే సిలిండరు పైపు ఎప్పుడు మార్చారని అడుగుతారు. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, షామియానాకు కరెంటు వైర్లు ఎవరు గుంజుతున్నారని ఆరా తీస్తారు. బంధువులకు ఆయనంటే గౌరవం కన్నా విసుగే ఎక్కువ. నేనూ విసుక్కున్నాను, అబద్ధమెందుకు.

నేను ఆయనకు దొరికింది అశోక్ నగర్‌లో ఒక టీ కొట్టు దగ్గర. అప్పటికి నాలుగేళ్లుగా హాస్టల్లో ఉండి సర్కారు కొలువు కోసం చదువుతున్నాను. నోటిఫికేషన్ పడేది, వాయిదా పడేది, నేను హాస్టల్ మంచం మీద పడేదాన్ని. ఆయన రోజూ సాయంత్రం నడుచుకుంటూ అక్కడికి వచ్చి, చక్కెర లేని చాయ్ తాగి, చదువుకునే పిల్లలను ప్రశ్నలతో సతాయించి వెళ్లేవారు. ఒకరోజు నా వంతు వచ్చింది.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"బీఎస్సీ ఫిజిక్స్ సార్."

"ఫిజిక్స్ చదివి కాకతీయుల పన్నులు ఎందుకు బట్టీ పడుతున్నవ్?"

"నౌకరీ కోసం."

"నా దగ్గరొక నౌకరీ ఉన్నది. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. వస్తవా?"

ఆ కొట్టులోని పొయ్యినే చూపించి అక్కడికక్కడే మొదటి పాఠం చెప్పారు. "ఈ మంట నిన్ను కాల్చొద్దంటే మూడే తొవ్వలు. జల్ది పని చూసుకొని రావాలె, దూరం జరగాలె, లేకుంటే నడుమ ఏదన్నా అడ్డం పెట్టాలె. రేడియేషన్‌కు సుత గంతే. కాకపోతే మంట కనబడ్తది, ఇది కనబడది." చాయ్ పోసే అన్న గరిటె ఆపి మరీ విన్నాడు. నేను మాత్రం జీతం ఎంతో అడగడం మర్చిపోయాను.

మా ఫ్యాక్టరీలో పొడి నింపే పెద్ద పెద్ద ఇనుప హాపర్లు ఉంటాయి. లోపల పొడి ఎంతవరకు నిండిందో బయటికి కనబడదు. అందుకని హాపరుకు ఒక పక్క సీసం పోసిన డబ్బా బిగిస్తారు. అందులో రేడియేషన్ ఇచ్చే చిన్న బిళ్ల ఉంటుంది. ఎదుటి పక్కన ఉన్న యంత్రం, కిరణాలు ఎన్ని దాటి వచ్చాయో చూసి, పొడి ఎంతుందో చెబుతుంది. డబ్బాకు ఒక షట్టరు, దాన్ని తిప్పడానికి బయట ఒక హ్యాండిల్. మనుషులు శుభ్రం చేయడానికి హాపర్లోకి దిగాలంటే ముందు షట్టరు మూసి తాళం వెయ్యాలి. వెయ్యకపోతే దిగినవాళ్లు నేరుగా ఆ కిరణాల ముందు నిలబడినట్టే. వేడి తగలదు, వాసన రాదు. ఒంటికి జరిగిన చేటు ఎప్పటికో బయటపడుతుంది.

చేరిన మొదటి వారంలోనే నేను రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకొని హాపరు చుట్టూ తిరిగి వచ్చి, "సున్నా సార్, అంతా బాగుంది" అని గర్వంగా చెప్పాను. సార్ చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో పాత పెట్రోమాక్స్ లైటు మ్యాంటిల్ ఉంది. వెనుకటి బరాత్‌లలో నెత్తిన మోసే లైట్ల లోపల తెల్లగా వెలిగేది, ఆ చిన్న జాలీ సంచి. ఆ పాత రకం వాటిలో కొద్దిపాటి రేడియేషన్ ఉంటుంది, మనిషిని ఏమీ చెయ్యదు, మీటరును మాత్రం పలికిస్తుంది. చిక్కడపల్లిలో లైట్లు కిరాయికిచ్చే ముసలాయన దగ్గర అడిగి తెచ్చుకున్నారట. దాన్ని నా మీటరు ముందు పెట్టారు. మీటరు కిక్కురుమనలేదు. బ్యాటరీ అయిపోయి ఉంది.

"సున్నాలు రెండు తీర్లు బిడ్డా. ఏం లేదని చెప్పే సున్నా ఒకటి, మీటరు సచ్చిన సున్నా ఒకటి. రెండూ చూసేటందుకు ఒక్కతీరే ఉంటయి. ముందు మీటరు బతికుందా చూడు, తర్వాత అది చెప్పింది విను."

ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత ఆయనే నన్ను ముంబైలో శిక్షణకు పంపించి పరీక్ష రాయించారు, రిటైరయ్యే రోజు తన పని నాకు అప్పగించి, మ్యాంటిల్ కవరు నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. ఒక్కసారి కూడా "బాగ చేసినవ్" అనలేదు. ఆ మాట ఆయనకు నోరు తిరగదని అమ్మ నవ్వేది.

ఇప్పుడు ఆ దసరా సంగతి చెప్పాలి. ఆయన రిటైరయ్యాక రెండో దసరా అది. ఫ్యాక్టరీలో ఆయుధ పూజంటే మామూలు హడావుడి కాదు. వారం ముందు నుంచే ప్రతి యంత్రానికీ కొత్త రంగు వేస్తారు, పసుపు కుంకుమ పెడతారు, బంతిపూల దండ వేస్తారు. నేను బతుకమ్మకు సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా రేడియేషన్ డబ్బా పెళ్లికొడుకులా ఉంది. కొత్త నీలం రంగు, దాని మీద మూడు బొట్లు, మెడలో దండ. హెచ్చరిక గుర్తు కూడా రంగు కిందికి పోయింది. గుర్తు మళ్లీ వేయించాలి అనుకున్నాను తప్ప, నా బుద్ధి అంతకంటే లోతుకు పోలేదు.

మర్నాడే హాపర్లో పొడి గడ్డకట్టి ఎక్కడికక్కడ పట్టేసింది. మేస్త్రీ తన ముగ్గురు మనుషులతో లోపలికి దిగడానికి సిద్ధమయ్యాడు. నేను వెళ్లి షట్టరు హ్యాండిల్ తిప్పాను. చాలా సులువుగా తిరిగింది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. తాళం వేశాను. అలవాటు కొద్దీ మీటరుకు మ్యాంటిల్ చూపిస్తే టిక్కుటిక్కుమంది. అదే మీటరుతో హాపరు తలుపు దగ్గరికి వెళ్లాను. ముల్లు ఒక్క ఎగురు ఎగిరింది.

హ్యాండిల్ మూసి ఉందంటోంది, మీటరు తెరిచి ఉందంటోంది. నలుగురినీ వెనక్కి పంపి, తలుపుకు నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, దూరంగా మెట్ల కింద నిలబడ్డాను. ప్రొడక్షన్ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"హ్యాండిల్ క్లోజ్‌ల ఉన్నది గద మేడం! మీ మీటరే ఖరాబైనట్టున్నది. రెండు షిఫ్టులు ఆగితే పైవాళ్లకు జవాబు మీరు చెప్తరా?"

"చెప్త సార్. దిగిన నలుగురికి జవాబు మీరు చెప్తరా?"

అనేశాను గానీ, నౌకరీ పోతే మళ్లీ అశోక్ నగర్ మంచమే. సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే.

"మీటరుకు మ్యాంటిల్ చూపించినవా?"

"చూపించిన సార్. పలికింది."

"అయితే మీటరు మాటే మాట. హ్యాండిల్‌దేమున్నది, మనం తిప్పితే తిరుగుతది. నేనొస్తున్న. అందాక బ్రహ్మదేవుడొచ్చినా తాళంచెవి ఇయ్యకు."

చిక్కడపల్లి నుంచి ఆటో కట్టించుకొని, ఇంటి చెప్పులతోనే వచ్చారు. గేటు దగ్గర బూట్లు లేవని ఆపితే, రూలు ప్రకారమే ఆపావని సెక్యూరిటీ అతన్ని మెచ్చుకొని, అతని దగ్గరే బూట్లు ఎరువు తీసుకున్నారు. కిరణాలు పడని వెనక వైపు నిలబడి హ్యాండిల్ మొదట్లో గోటితో గీకారు. రంగు పెచ్చుగా లేచి వచ్చింది.

"దీన్ని ఎవరు ముట్టిండ్రు?"

మేస్త్రీ తల వంచుకున్నాడు. "నేనే సార్. రంగుకు పట్టేసింది. జర సుత్తెతో ఒక్కటిచ్చిన, వదిలింది. దేవునికి పెట్టినట్టే మంచిగ పెట్టినం సార్, గిట్లయితదని తెల్వదు."

ఆయన అగ్గి మీద గుగ్గిలం అవుతారని అందరం అనుకున్నాం. ఆయన మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశారు. "పూజ తప్పు కాదు బిడ్డా. రంగు తప్పు, సుత్తె ఇంకా తప్పు. కానీ దాచకుండ చెప్పినవ్. చెప్పేటోడు ఉన్నకాడ పానాలు పోవు."

ఆ సాయంత్రానికి మేనేజరు మెత్తబడ్డాడని అనను. పెద్దాఫీసుకు ఫోన్ చేసి నా మీద గట్టిగానే చెప్పాడు. మర్నాడు డబ్బా తయారు చేసిన కంపెనీ మనుషులు వచ్చి విప్పి చూశారు. హ్యాండిల్‌ను షట్టరుతో కలిపే పిన్ను సుత్తె దెబ్బకు రెండు ముక్కలై ఉంది. హ్యాండిల్ ఒట్టిదే తిరుగుతోంది, షట్టరు తెరిచినది తెరిచినట్టే ఉంది. ఆ ముక్కలను మేనేజరు చేతిలో పెట్టాను. రెండూ కలిపి చూసి, నా మీద చెప్పినదంతా వాపసు తీసుకుంటూ మళ్లీ ఫోన్ చేశాడు, అదీ నా ఎదురుగానే.

షట్టరు బాగయ్యాక నలుగురూ హాపర్లోకి దిగి, ఒళ్లంతా పిండి పూసుకున్నట్టు తెల్లగా బయటికి వచ్చారు. మేస్త్రీ ఈల వేశాడు. నేను గెలిచాను అని నా జీవితంలో మొదటిసారి అనిపించింది. ఏ పరీక్ష ఫలితాల్లోనూ నాకు దొరకని గెలుపు అది. "బాగ చేసినవ్" అన్న మాట అప్పుడూ సార్ నోట రాలేదు. కానీ ఆయన ఆటోలో వచ్చిన రోజే సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు నారాయణగూడలో బస్సు దిగి మిర్చి బజ్జీలు కొనిపించారు. కడుపులో మంట ఉన్న మనిషి, ముట్టుకోకూడదు. మూడు తిన్నారు.

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో దసరాకు ఆ డబ్బాను ఎవరూ ముట్టరు. చుట్టూ తాడు కట్టి, ఆ తాడుకే దండ వేస్తారు. లోపలికి దిగే పర్మిట్ కాగితం మీద అన్నిటికంటే పైన ఒక గడి చేరింది: మీటరు బతికుందా? దాన్ని నింపకుండా ఎవరి సంతకమూ చెల్లదు, మేనేజరుదైనా సరే.

పోయిన వారం అమ్మ ఫోన్ వచ్చాక నేను బస్సు ఎక్కలేదు. మేస్త్రీకి ఒక్క మాట చెప్పి చిక్కడపల్లికి నడిచాను. మధ్యాహ్నానికి ఆ నలుగురూ దిగారు. సార్‌కు ఒక్కతే కూతురు. పాడె ఎత్తే వేళకు మేస్త్రీ ముందుకు వచ్చి, "మేం మోస్తం అమ్మా" అన్నాడు. వీళ్లెవరు, ఏమవుతారు అని బంధువులు గుసగుసలాడారు. అమ్మ కళ్లు తుడుచుకొని, "ఆయన మనుషులు. మొయ్యనియ్యుండ్రి" అంది.

కూతురు నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచింది. డప్పులు మోగాయి. భుజం మారుస్తామని సందులోని వాళ్లు ఒకరి తర్వాత ఒకరు అడిగారు. నలుగురిలో ఒక్కడూ ఇవ్వలేదు. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఛాతీ మాత్రం పొంగుతూ ఉంది. ఆ మధ్యాహ్నపు ఎండలో నాలుగు భుజాలు, గట్టివి, ఏ రోగమూ లేనివి, ఆయన్ను పైకెత్తుకొని, డప్పు దెబ్బకు ఒకే అడుగుగా చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఎక్కాయి.