దర్జీ కుట్టిన బిరడా

మా షెడ్డులో వ్యాన్ల లోపల వంటపొయ్యిలు, గ్యాస్ పైపులు బిగించే మనిషిని అందరం సుత్తక్క అంటాం. నడుముకు ఎప్పుడూ సుత్తి వేలాడుతుంది గనుక ఆ పేరొచ్చింది. మాట కూడా సుత్తి దెబ్బే గనుక నిలిచిపోయింది. పైపు అతుకులకు సబ్బునురగ రాసి చూడకుండా అగ్గిపుల్ల గీసి లీకు వెతికిన పనివాణ్ణి ఒకసారి మెడ పట్టి నీళ్లతొట్టిలో ముంచింది. నేనే విడిపించాను. ఇంకాసేపు ముంచనివ్వాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమెకంటూ ఉన్నది ఒక్క తమ్ముడు. దర్జీ. పెళ్లాంతో వ్యాన్‌లోనే కాపురం, ఊరూరా తిరిగి బట్టలు కుట్టేవాడు. అందులో పొయ్యి బిగించింది అక్కే. పొయ్యి కింద నేలకు అరచేతి వెడల్పున చిల్లు కోసి జాలీ వేసింది.

"గ్యాస్ గాలికంటే బరువురా. లీకైతే కిందికే దిగుతుంది, ఈ చిల్లులోంచి బయటికి పోవాలి. దీన్ని మూశావంటే నిన్ను నేనే చంపుతా."

"సరేలే అక్కా, ఎన్నిసార్లు చెబుతావు!"

చలి మొదలైంది. చిల్లులోంచి ఈడ్చి కొట్టే గాలికి వాడి పెళ్లాం కాళ్లు కొయ్యబారిపోయాయి. దర్జీ బుర్ర ఊరుకుంటుందా? చిల్లు కొలత తీసి, దూది కూరి, అంచులు మడిచి, సరిగ్గా సరిపోయే బిరడా కుట్టి బిగించాడు. వెధవ పని ఎంత పొందికగా చేశాడో! కిటికీలు కూడా మూసేశాడు.

ఆ ఉదయం వ్యాన్ మా షెడ్డు వెనకే ఆగి ఉంది. టీకి నీళ్లు పెట్టి మొగుడూపెళ్లాలు మళ్లీ దుప్పట్లో దూరి కునుకు తీశారు. నీళ్లు పొంగి మంట ఆరింది. అది పాత పొయ్యి, గ్యాస్ వస్తూనే ఉంది. జలుబుతో ముక్కు మూసుకుపోయిన తమ్ముడికి వాసన తెలియలేదు. లేచి, మంట ఆరిందేమిటా అని లైటర్ అందుకున్నాడు. అప్పుడే సుత్తక్క తలుపు లాగింది. ఆమె వెనకున్న నాకు కూడా వాసన ముఖాన కొట్టింది.

"ఒరేయ్, పారెయ్!"

"ఉండక్కా, నీకూ టీ పెడతా" అంటూ బొటనవేలు లైటర్ మీద ఆనించాడు.

సుత్తి దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినబడింది. లైటర్ పరుపు మీద పడింది. గావుకేక పెట్టినవాణ్ణి చొక్కా పట్టి బురదలోకి విసిరేసింది. మత్తుగా పడి ఉన్న మరదల్ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది. నేను బయటి సిలిండర్ కట్టేశాను. ఆమె కిటికీలు తీసి, బిరడాను పీకి తెచ్చి, పళ్లతో చీల్చేసింది. కసి తీరక తమ్ముణ్ణి డొక్కలో తన్నింది. తన్నుతూనే ఏడ్చింది.

వాడి మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. నోటితో చెబితే పోయేదిగా అని జనం ఆడిపోసుకున్నారు.

"చెప్పానుగా, అప్పుడూ ఇప్పుడూ. విన్నాడా?" అంది.

కట్టు విప్పిన రోజు వాడు షెడ్డుకొచ్చాడు.

"సూది పట్టలేకపోతున్నానే! నా నోటికాడి కూడు తీశావు!" అని అరిచి, ఎడంచేత్తో అక్క చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. నాకు ఒళ్లు మండి ఇనుప పైపు ఎత్తాను. సుత్తక్క నన్ను పక్కకు నెట్టేసి వాడి ముందుకెళ్లి నిలబడింది.

"కొట్టరా, ఇంకా కొట్టు. కొట్టడానికి మిగిలావు, నాకది చాలు."