ఎర్రదారం కట్టిన సీసా

పొద్దున నంద్యాలలో నా జిమ్ముకు వచ్చిన ఏజెంటు అమైనో యాసిడ్ల పొడి డబ్బా మూత తీశాడు. పుచ్చకాయ వాసన గుప్పుమంది. ఇక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. "నువ్వొక్క మాట చెప్తే పిల్లోళ్ళంతా తాగుతారన్నా" అంటాడు. ఆ ఒక్క మాటే నా నోట్లోంచి రాదు. నాకు బరువులెత్తడం నేర్పింది యోహాను సార్ మరి!

ఆళ్ళగడ్డలో ఆయన మా వ్యాయామం మాస్టరు. బడి అయ్యాక తన ఇంటి వెనక రేకుల షెడ్డులో, బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద మాకు కసరత్తు చేయించేవారు. జిల్లా పోటీల ముందు నాకు ఈ పొడి పిచ్చి పట్టింది. అమ్మ పెట్టిన పప్పూ గుడ్లూ పక్కకు నెట్టి పొడి నీళ్ళే తాగేవాణ్ణి. చిక్కిపోతున్నానని అమ్మ ఏడ్చి సార్‌కు చెప్పింది.

"బలం వస్తాందని నీకెట్ల తెలుసు?" అన్నారాయన.

"మీరూ ఏండ్ల నుంచీ తాగుతాండారు గదా సార్!"

ఆయన తన పొడి డబ్బా చేతిలోకి తీసుకున్నారు. "నిజమే. నాకు గూడా తెల్దు. నమ్మకం చర్చిలో పెట్టుకుందామప్పా. ఈడ పరీక్ష పెడదాం."

పరీక్ష పెట్టింది ఆయన భార్య సుశీలమ్మ. రెండు సీసాలు, ఒకదానికి ఎర్రదారం, ఇంకోదానికి తెల్లదారం. రెండింట్లోనూ నన్నారి షర్బత్తు, నిమ్మరసం. ఒకదాంట్లో పొడి, రెండోదాంట్లో అదే చేదు రావాలని మెంతులు నానిన నీళ్ళు. ఏది ఏదో ఆమెకొక్కదానికే తెలుసు. ఒకరోజు ఎర్రదారం సీసా, మర్నాడు తెల్లదారం సీసా, అట్లా మార్చి మార్చి ఇద్దరం తాగాం. నేనైతే ఎర్రదారానికి దండం పెట్టేశాను. "ఇదే సార్! నరాల్లో పాకుతాంది!" సార్ కూడా అవునని తలూపారు. సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవి మెంతులు నాయనా!"

అబ్బ, ఎంత కోపమొచ్చిందో! "అయితే పొడి దండగేనా?" అని అరిచాను. సార్ ఆ సీసావైపే చూస్తున్నారు. "మనిద్దరితో ఏం తేలుతుంది? శానామందిని నెలల తరబడి చూడాల. అట్ల చూసినోళ్ళు ఏం రాసినారో చదువుతా" అన్నారు. చదివారు కూడా. "కడుపునిండా పప్పు, గుడ్డు తినేవానికి ఈ పొడితో కండ ఇంకా పెరుగుతుందనేదానికి గట్టి సాక్ష్యం లేదప్పా. ఒళ్ళునొప్పులు కొంచెం తగ్గుతాయంటాండారు, అదీ అందరూ ఒప్పుకోలా. పో, మీయమ్మ చేసింది తిను." ఆయన తన డబ్బా మళ్ళీ తెరవలేదు. పోటీలో నాకు పతకం రాలేదు. పొడి మానినందుకేనని కుమిలిపోయాను, దానికీ సాక్ష్యం లేదు.

సార్ పోయారు. ఆయన ప్రశ్న మాత్రం పోలేదు. ఎవరేం అమ్మినా, నేనేం నమ్మినా, నీకెట్ల తెలుసు అని లోపల కెలుకుతూనే ఉంటుంది. ప్రశాంతంగా ఉండనిస్తేనా!

ఏజెంటు ఇంకా కూర్చునే ఉన్నాడు. "ఏమంటావన్నా?"

"డబ్బా ఈడ పెట్టి పో అప్పా. నెల పోయినాంక చెప్తా."

అతను వీధి మలుపు తిరగకముందే ఇంటికి ఫోన్ చేశాను, మెంతులు నానబెట్టమని.